పొరుగువారి చెట్టు వలన కలిగే ఆస్తినష్టం

పొరుగువారి చెట్టు వలన కలిగే ఆస్తినష్టం అనగా ఒకరి స్థలంలో పెరిగిన చెట్టు కొమ్మలు, వేర్లు, మాను లేదా దాని నుండి విరిగిపడిన భాగాల మూలంగా పక్కవారి ఇంటికి, ప్రహరీకి, బావికి, పంటకు లేదా వాహనానికి వాటిల్లే నష్టము. భారతదేశంలో దీనికొరకు ప్రత్యేకంగా ఒక చట్టమేదీ లేదు. న్యూసెన్సు, నిర్లక్ష్యము అను సివిల్ న్యాయసూత్రాలు, 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము, భారతీయ నాగరిక సురక్షా సంహితలోని ఒక నిబంధన, ఆంధ్ర ప్రదేశ్‌లో చెట్ల నరికివేతను నియంత్రించే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము (వాల్టా) కలసి ఈ తగవులను నిర్ణయిస్తాయి. ఈ వ్యాసము శ్రీ సత్యసాయి జిల్లాలోని ముదిగుబ్బ మండలము, దాని చుట్టుపక్కల కరువు పీఠభూమి పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని ఈ విషయాన్ని వివరిస్తుంది.

ప్రాంతము, చెట్లు

ముదిగుబ్బ 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలో భాగము. ఆనాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఇది ధర్మవరం శాసనసభ నియోజకవర్గంలోని మండలము. అనంతపురం - కదిరి రహదారి, ధర్మవరం - పాకాల రైలు మార్గము ఈ ఊరి మీదుగా పోతాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అదికూడా నమ్మదగినది కాదు. వేరుశనగ ఇక్కడి ప్రధాన మెట్ట పంట.

ఇటువంటి చోట చెట్టు విలువ వేరు. కాపు మీద ఉన్న ఒక చింతచెట్టు వాన లేని ఏడు కూడా ఇంతో అంతో ఆదాయమిస్తుంది. హిందూపురం మార్కెట్ చింతపండు వ్యాపారానికి పేరుపడినది. వేప నీడ పశువులకు, కానుగ ఆకు ఎరువుకు, తుమ్మ కాయ గొర్రెలకు పనికివస్తాయి. కనుక పొరుగువాని గోడ పగిలినదని చెట్టు కొట్టివేయమంటే అది ఒక కుటుంబపు రాబడిని కొట్టివేయమనటమే కావచ్చు. మరొక వైపు, ఆ గోడ కూడా ఎవరో అప్పు చేసి కట్టుకున్నదే. ఈ తగవులు చూడటానికి చిన్నవిగా ఉన్నా తరాల పాటు మాటలు లేకుండా చేయటానికి కారణమిదే.

మను స్మృతి ఎనిమిదవ అధ్యాయంలో పొలిమేర గుర్తులుగా మర్రి, రావి, మోదుగ, బూరుగ వంటి చెట్లను నాటవలెనని చెప్పబడినది. ఎక్కువ కాలం బ్రతికేవి, దూరం నుండి కనిపించేవి హద్దుకు మంచివని దాని భావము. నేటికీ గ్రామాలలో గట్టు మీద (రాయలసీమ వాడుకలో గెనిమ మీద) చెట్టు పెంచటం మామూలే. అయితే హద్దు చెప్పవలసిన చెట్టే హద్దు దాటటం వలన తగవు మొదలవుతుంది.

ఈ ప్రాంతంలో తగవులకు తరచు కారణమయ్యే మరొక చెట్టు సర్కారు తుమ్మ. ఇది అమెరికా ఖండపు మొక్క. 1870వ దశకం చివరలో వంటచెరకు కొరకు జమైకా నుండి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించారు. అక్కడినుండి రాయలసీమ అంతటా వ్యాపించినది. దీని కాయలు తిన్న పశువుల పేడ ద్వారా విత్తనాలు పొలాలలో పడి మొలుస్తాయి. యజమాని వలస పోయి బీడుపడిన చేనులో ఇది పెరిగి, పక్క చేనులోనికి కొమ్మలు, ముళ్ళు, విత్తనాలు చేరుస్తుంది. దీనిని ఎవరూ నాటలేదు గనుక బాధ్యత ఎవరిదీ కాదని వాదించటం కద్దు. స్థల యజమానికి చెట్టు పెరుగుతున్నదని తెలిసి, దానివలన పక్కవారికి హాని కలుగుతున్నదని తెలిసి ఊరుకుంటే బాధ్యత తప్పదని ఆధునిక న్యాయసూత్రము. చెట్టు నాటినదా, తానుగా మొలిచినదా అనేది ముఖ్యం కాదు.

నష్టము జరిగే విధములు

నష్టము నాలుగు దారులలో వస్తుంది: పడిపోవటం, కొమ్మలు దాటటం, వేర్లు చొరబడటం, నీడ. వీటికి చట్టంలో పరిష్కారాలు ఒకటి కావు.

ముదిగుబ్బ వైపు ఎర్రనేల చాలాచోట్ల లోతు తక్కువ. కింద గరుసు, దాని కింద రాయి తగులుతుంది. అటువంటి నేలలో వేర్లు లోతుకు దిగక పక్కలకు పరచుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ముదిరిన సాయంత్రాలలో వచ్చే ఈదురుగాలి వానలకు ఇటువంటి చెట్లు వేళ్ళతో సహా ఒరిగిపోతాయి. వరుస కరువులలో కొన్ని వేర్లు ఎండి, మానులో తొర్ర పడి, పైకి పచ్చగా కనిపించే చెట్టు కూడా పట్టు కోల్పోయి ఉండవచ్చు. పడిన చెట్టు రేకుల షెడ్డు మీద, పశువుల కొట్టం మీద, ఇంటి ముందు నిలిపిన ఆటో మీద పడుతుంది.

వేర్లు నీటిని వెదుక్కుంటూ పోతాయి. చుట్టూ నేల ఎండిపోయినపుడు తేమ ఉండేది నీటి తొట్టి కింద, స్నానాల గది వెనుక, కారుతున్న గొట్టం వద్ద, సెప్టిక్ ట్యాంకు గోడ పక్కన మాత్రమే. అందువలన కరువు నేలలో వేర్ల తాకిడి ఇండ్ల వైపే ఎక్కువ. మర్రి, రావి జాతుల వేర్లు రాతి కట్టడపు బావుల వరుసలలో దూరి రాళ్ళను బయటికి నెడతాయి. నల్లరేగడి నేలలో మరొక సమస్య ఉన్నది. చెట్టు నీరు పీల్చగా రేగడి కుంచించుకొని, వానకు మరల ఉబ్బి, పునాది కదిలి గోడలు నెర్రెలిస్తాయి. ఎర్రనేలలో ఇది తక్కువ. కావున ముదిగుబ్బలో గోడ పగిలితే వేరు నేరుగా తగిలినదా, లేక పునాదిలోనే లోపమున్నదా అన్నది తవ్వి చూడనిదే చెప్పరాదు. గోడ పక్కన చెట్టు ఉన్నంత మాత్రాన పగులుకు అదే కారణమని రుజువు కాదు.

పాత మట్టి మిద్దెలకు ఆకులే ముప్పు. చింతాకు, వేపాకు రాలి మిద్దె మీది తూములో చేరితే నీరు నిలిచి, చవుడు మట్టి నాని, దూలాలు పుచ్చిపోతాయి. పిట్టలు తిని వేసిన గింజల నుండి రావి మొక్క గోడ సందులో మొలవటం కూడా సర్వసాధారణము. అయితే ఆ గింజ ఎవరి చెట్టుదో నిరూపించటం అసాధ్యము గనుక గోడ మీది మొక్కను చిన్నప్పుడే పెరికివేయటం ఆ ఇంటివారి పని.

పొలాలలో చెట్టు నీడ పడినంత మేర వేరుశనగ సరిగా కాయదు. వేర్లు పంటతో పాటు తేమ పంచుకుంటాయి. దీనికి రైతులు తమ వైపున హద్దు వెంబడి కందకం తవ్వి వేర్లను తెంచటం పాత పద్ధతి. ఇది చవకైనది, చట్టబద్ధమైనది కూడా. అయితే మొదలుకు మరీ దగ్గరగా తవ్వితే చెట్టు ఒరిగే ప్రమాదమున్నది.

చెట్టు ఎవరిది?

తగవులో మొదట తేల్చవలసినది ఇదే. మాను ఎవరి నేలలో ఉన్నదో వారిదే చెట్టు. కొమ్మలు ఎంతదూరం పోయినా యాజమాన్యము మారదు. మాను సరిగ్గా హద్దు మీద ఉంటే ఇద్దరిదీ అగును. అప్పుడు ఒకరి సమ్మతి లేకుండా మరొకరు కొట్టరాదు.

హద్దు మీదనే అనుమానమున్నపుడు సర్వే చేయించుకొనవలెను. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇందుకు మీసేవ లేదా గ్రామ సచివాలయము ద్వారా ఎఫ్-లైన్ దరఖాస్తు చేసే పద్ధతి ఉన్నది. సర్వేయరు క్షేత్ర కొలతల పుస్తకము (ఎఫ్.ఎం.బి.) ప్రకారం, పొరుగు రైతులకు నోటీసు ఇచ్చి, హద్దు చూపిస్తాడు. దీనికి ఆధారము 1923 నాటి సర్వే, హద్దుల చట్టము. చెట్టు తగవుగా మొదలైనది సర్వే తరువాత స్థలం తగవుగా మారటం చాలా సార్లు జరుగుతుంది. అర్జీ పెట్టేవారు తమ గోడ కూడా కొలతకు వస్తుందని గుర్తుంచుకొనుట మంచిది.

నేల ఒకరిది, చెట్టు మరొకరిది అయిన సందర్భాలు కూడా ఉన్నాయి. మద్రాసు రాష్ట్ర కాలపు రెవెన్యూ నిబంధనల ప్రకారం ప్రభుత్వ పోరంబోకులో చెట్లు పెంచుకొని ఫలసాయం అనుభవించుటకు ఇచ్చిన 2సి పట్టాలు ఇటువంటివి. పట్టాదారునికి చెట్టు మీద హక్కు గాని నేల మీద హక్కు లేదు. ఊరి రచ్చకట్ట మీది రావి, వేప చెట్లు సాధారణంగా గ్రామ పంచాయతీ స్థలంలో ఉంటాయి. వీటి విషయంలో అర్జీ పంచాయతీ కార్యదర్శికి ఇవ్వవలెను. రోడ్డు పక్క చెట్లు ఆయా రోడ్ల శాఖలవి. ప్రభుత్వము మీద దావా వేయవలెనంటే ముందుగా సివిల్ ప్రక్రియా స్మృతి 80వ సెక్షన్ క్రింద రెండు నెలల నోటీసు అవసరము.

కొమ్మలు, వేర్లు కొట్టుకొనే హక్కు

తన స్థలము మీదికి వచ్చిన కొమ్మలను, తన నేలలోనికి వచ్చిన వేర్లను హద్దు వరకు కొట్టివేసే హక్కు స్థల యజమానికి ఉన్నది. ఆంగ్ల న్యాయంలో దీనిని 1894లో లెమ్మన్ - వెబ్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ స్థిరపరచినది. పక్కవారి స్థలంలో కాలు పెట్టకుండా కొట్టగలిగినంత వరకు ముందుగా నోటీసు కూడా అవసరం లేదని ఆ తీర్పు. భారతదేశంలో బొంబాయి హైకోర్టు 19వ శతాబ్దం చివరనే ఈ సూత్రాన్ని ఆమోదించినది. తరువాత ఇతర హైకోర్టులు కూడా ఇదే బాటలో నడచినవి.

ఇరవై ఏండ్లుగా కొమ్మ ఇటు వైపే ఉన్నది, కనుక అది హక్కుగా మారినది అన్న వాదన తరచు వినిపిస్తుంది. ఈజ్‌మెంట్ల చట్టము 15వ సెక్షన్ ప్రకారం దారి, వెలుతురు వంటివాటికి ఇరవై ఏండ్ల అనుభవముతో హక్కు వచ్చునన్నది నిజమే. ఆ చట్టము 1882 జులై 1న మొదట అమలైన ప్రాంతాలలో మద్రాసు రాష్ట్రము ఒకటి గనుక అనంతపురానికి మొదటి నుండి వర్తిస్తున్నది. కాని కొమ్మలను పక్కవారి గాలిలో చాచుకొనే హక్కు ఈ విధంగా రాదు. కొమ్మ ఏటేటా పెరిగి మారుతుంది, నిన్నటి కొమ్మ నేటిది కాదు. కాబట్టి స్థిరమైన అనుభవమంటూ ఉండదని న్యాయస్థానాల తర్కము.

ఈ హక్కుకు హద్దులున్నాయి. పక్కవారి దొడ్డిలోనికి దిగి, లేదా వారి చెట్టు ఎక్కి కొట్టరాదు. కొట్టిన కొమ్మ, దాని మీది కాయలు చెట్టు యజమానివే. మన వైపు వ్రేలాడిన చింతకాయలు దులిపి అమ్ముకొంటే నష్టపరిహారము ఇవ్వవలసివస్తుంది. ఇంగ్లండులో 1919లో ఆపిల్ పండ్ల విషయంలో ఇటువంటి తీర్పే వచ్చినది. పొరుగువాని నేలలోని చెట్టును దురుద్దేశ్యంతో నరికి తీసుకొనిపోవుట దొంగతనము. భారత శిక్షా స్మృతిలో దొంగతనానికి ఇచ్చిన మొదటి ఉదాహరణే చెట్టు నరకటం. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో కూడా అది కొనసాగినది. తీసుకొనిపోకపోయినా, మొదట్లో ఆమ్లం పోసి లేదా బెరడు చుట్టూ చెక్కి చెట్టును చంపటం ఆస్తి విధ్వంసము (324వ సెక్షన్) క్రిందికి వస్తుంది. న్యాయం తమ వైపున్నవారు కూడా ఈ ఒక్క పనితో ముద్దాయిలవుతారు.

ఈజ్‌మెంట్ల చట్టము 24వ సెక్షన్‌లోని ఉదాహరణలలో ఇంకొక ఉపయోగకరమైన సంగతి ఉన్నది. ఒకరి నేల మీదుగా మరొకరికి దారి హక్కు ఉండి, ఆ దారికి అడ్డంగా చెట్టు కూలితే, దారి హక్కుదారు ఆ నేలలో ప్రవేశించి చెట్టును తొలగించవచ్చును. పొలం దారుల తగవులు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో ఇది తెలిసినవారు తక్కువ.

చెట్టు కొట్టుటకు అనుమతి

వాల్టా చట్టము 2002 ప్రకారము, సొంత భూమిలోని చెట్టును కూడా నియమిత అధికారి అనుమతి లేకుండా కొట్టరాదు. తోటలుగా పెంచే కొన్ని జాతులకు మినహాయింపు కలదు. అనుమతితో పాటు బదులు మొక్కలు నాటవలెనన్న షరతు ఉండవచ్చును. కొమ్మలు కత్తిరించుట వేరు, చెట్టు పడగొట్టుట వేరు. ఇద్దరు పొరుగువారు రాజీపడి చెట్టు తీసివేయటానికి ఒప్పుకున్నా ఈ అనుమతి అవసరము తప్పదు. కలపను రవాణా చేయవలెనంటే అటవీ శాఖ నిబంధనలు కూడా చూసుకొనవలెను. ధర్మవరం, కదిరి వంటి పట్టణాలలో మునిసిపాలిటీల చట్టము 1965 క్రింద ప్రమాదకరమైన చెట్లను కత్తిరించమని నోటీసు ఇచ్చే అధికారము మునిసిపాలిటీకి ఉన్నది.

చట్టంతో సంబంధం లేని మరొక అడ్డంకి కూడా ఉన్నది. రావి, మేడి, వేప చెట్లను కొట్టటానికి కూలీలు సులభంగా ఒప్పుకోరు. చెట్టు క్రింద నాగప్రతిమలుంటే మరీ కష్టము. కొట్టకముందు పూజ చేయించటం, పక్షి గూళ్ళు ఖాళీ అయ్యేవరకు ఆగటం ఈ ప్రాంతంలో ఆచారము. ముదిగుబ్బకు ఎంతో దూరము లేని గూటిబయలులో ఉన్న తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కినది. కొన్ని ఎకరాల మేర ఊడలు దించిన ఆ చెట్టును చూచినవారికి, మర్రికి హద్దు గీయటం ఎంత కష్టమో తెలుస్తుంది.

పడిపోయిన చెట్టుకు బాధ్యత

కొమ్మ దాటితే బాధ్యత తేలిక, చెట్టు పడితే కష్టము. పడిన ప్రతి చెట్టుకూ యజమాని పరిహారము ఇవ్వవలెనన్న నియమము లేదు. చెట్టు ప్రమాదకరంగా ఉన్నదని అతనికి తెలిసి ఉండవలెను, లేదా జాగ్రత్త గల మనిషికి తెలిసి ఉండవలసినదై ఉండవలెను. ఎండిన కొమ్మలు, పుట్టగొడుగులు మొలచిన మొదలు, తొర్ర, ఒక వైపు ఒరగటం, మొదట్లో నేల పైకి లేవటం వంటివి బయటికి కనిపించే గుర్తులు. ఇవేవీ లేని చెట్టు గాలికి కూలితే దైవికంగా పరిగణిస్తారు.

ఈ విషయంలో సుప్రీం కోర్టు 1997లో ఇచ్చిన రాజ్‌కోట్ మునిసిపల్ కార్పొరేషన్ తీర్పు ముఖ్యమైనది. రోడ్డు పక్క చెట్టు ఒక్కసారిగా కూలి ఒక ఉద్యోగి మరణించాడు. అతని కుటుంబానికి గుజరాత్ హైకోర్టు పరిహారము ఇప్పించగా, సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. చెట్టు పడుతుందని ముందుగా ఊహించగల స్థితి రుజువు కానందున కార్పొరేషన్‌కు బాధ్యత లేదన్నది. బాధితుల పట్ల ఇది కఠినమైన తీర్పుగా కనిపించినా, దీని నుండి నేర్చుకొనవలసినది ఒకటున్నది. చెట్టు కూలకముందే యజమానికి వ్రాతమూలకంగా తెలియజేసిన వారి స్థితి పూర్తిగా వేరు. తెలియదు అని యజమాని అనటానికి అప్పుడు వీలుండదు.

తుఫానుల విషయంలో దైవికము అన్న వాదన బలంగా ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంలో పచ్చదనాన్ని దాదాపు తుడిచిపెట్టినపుడు మంచి చెట్లు, పుచ్చిన చెట్లు కలసి కూలినవి. అంతటి గాలిలో ఒక యజమానిని తప్పుపట్టటం కష్టము. అనంతపురం వైపు వేసవి గాలులు ఏటా వచ్చేవే. కనుక ఏటా వచ్చే గాలికి పడేటట్లున్న చెట్టును ఉంచుకొని దైవికమనటం అంత తేలికగా చెల్లదు.

పరిష్కార మార్గములు

నష్టము కనపడిన వెంటనే తేదీ తెలిసేటట్లుగా ఫోటోలు తీయవలెను. వేరు గోడ క్రిందికి పోయినచోట తవ్వి, వేరును తెంచకముందే తీయుట ముఖ్యము. తెంచిన తరువాత ఏమి చూపినా వాదనకు తావుంటుంది. మొబైలు ఫోటోలను కోర్టులో సాక్ష్యంగా ఇవ్వటానికి భారతీయ సాక్ష్య అధినియమము 2023లోని 63వ సెక్షన్ ప్రకారము ధ్రువపత్రము జతచేయవలెను. ఇంటి నష్టానికి ఇంజనీరు చేత అంచనా, పంటకు వ్యవసాయ లేదా ఉద్యాన అధికారి పరిశీలన ఉపయోగపడతాయి.

తరువాత చెట్టు యజమానికి నోటీసు పంపవలెను. ఏ చెట్టు, ఏ నష్టము, ఏమి చేయమంటున్నారు, ఎన్ని రోజులలో అన్నవి స్పష్టంగా ఉంటే చాలు. వకీలు చేతనే పంపవలెనని లేదు. తపాలా శాఖ 2025లో రిజిస్టర్డు పోస్టును స్పీడ్ పోస్టులో విలీనము చేసినది గనుక ఇప్పుడు స్పీడ్ పోస్టులో పంపి రసీదును భద్రపరచవలెను. యజమాని బెంగుళూరుకు వలసపోయి ఉంటే ఊరి చిరునామాతో పాటు అక్కడి చిరునామాకు కూడా పంపుట మేలు. కాగితము పంపకముందు పెద్దమనుషుల సమక్షంలో ఒక మాట అనటం ఊళ్ళలో మర్యాద. నేరుగా నోటీసు అందుకొన్నవారు దానిని యుద్ధ ప్రకటనగా తీసుకుంటారు. పంచాయతీలో కుదిరిన ఒప్పందాన్ని, కొమ్మలు ఎవరు కొట్టించవలెను, కట్టెలు ఎవరివి, గోడ ఖర్చులో ఎవరి వంతు ఎంత అన్నదానితో సహా, కాగితము మీద పెట్టి ఇద్దరూ సంతకాలు చేయుట అవసరము.

చెట్టు నేడో రేపో పడేటట్లు ఉండి చుట్టుపక్కల వారికి, దారిన పోయేవారికి ప్రమాదంగా ఉంటే సివిల్ కోర్టు వరకు ఆగనవసరము లేదు. క్రిమినల్ ప్రక్రియా స్మృతి 133వ సెక్షన్, ప్రస్తుతము భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్, పడిపోయే స్థితిలో ఉన్న చెట్టును తొలగించమని లేదా ఊతమివ్వమని షరతుతో కూడిన ఉత్తర్వు ఇచ్చే అధికారాన్ని కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకు ఇస్తుంది. ఆచరణలో అర్జీని రెవెన్యూ డివిజనల్ అధికారికి ఇస్తారు. చెట్టు యజమాని ఉత్తర్వు పాటించవచ్చును, లేదా హాజరై అభ్యంతరము చెప్పుకొనవచ్చును. రెండూ చేయకపోతే ఉత్తర్వు ఖాయమై, చివరకు అధికారులే చెట్టు తీయించి ఖర్చు అతని నుండి రాబట్టవచ్చును. అయితే ఇది ప్రజలకు కలిగే ప్రమాదము కొరకు ఉద్దేశించినది. ఇద్దరి మధ్య ఆకులు రాలే తగవుకు దీనిని ఉపయోగించరాదు.

విద్యుత్తు తీగల మీదికి పెరిగిన చెట్టు విషయము వేరు. విద్యుత్ చట్టము 2003లోని 68వ సెక్షన్ ప్రకారము పంపిణీ సంస్థ దరఖాస్తు మీద మేజిస్ట్రేటు లేదా నియమిత అధికారి చెట్టును తొలగింపజేయవచ్చును. తీగ వేయకముందే ఆ చెట్టు ఉన్నదని తేలితే యజమానికి తగిన పరిహారము లభిస్తుంది. ఈ ప్రాంతంలో 2014 రాష్ట్ర విభజన తరువాత నుండి తిరుపతి కేంద్రంగా గల దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ సరఫరా చేస్తున్నది. తీగకు తగులుతున్న కొమ్మను సొంతంగా కొట్టబోవటం ప్రాణాంతకము. రైలు మార్గము మీద పడే ప్రమాదమున్న చెట్ల విషయంలో 1989 నాటి రైల్వే చట్టము రైల్వేలకు ఇటువంటి అధికారమే ఇచ్చినది.

సివిల్ కోర్టులో రెండు కోరవచ్చును: జరిగిన నష్టానికి పరిహారము, ఇకముందు జరగకుండా ఇంజంక్షను. నిర్దిష్ట ఉపశమన చట్టము 1963లోని 38, 39 సెక్షన్లు ఇంజంక్షన్లకు ఆధారము. స్వల్ప మొత్తాల దావాలు కదిరి, ధర్మవరం వంటి పట్టణాలలోని జూనియర్ సివిల్ జడ్జి కోర్టులలో వేస్తారు. పరిస్థితి చూచి రావటానికి కోర్టు అడ్వకేట్ కమిషనరును నియమించవచ్చును. చెట్టు తగవులలో ఆ నివేదికకు విలువ ఎక్కువ. కోర్టులు సాధారణంగా హద్దు దాటిన మేరకే కొట్టమంటాయి గాని చెట్టంతా తీయమని చెప్పటానికి సందేహిస్తాయి. నష్టపరిహార దావాకు మూడేండ్ల గడువు కలదు. వేర్లు ఇంకా చొచ్చుకొని వస్తుంటే అది కొనసాగుతున్న తప్పు గనుక లిమిటేషన్ చట్టము 22వ సెక్షన్ ప్రకారం గడువు ఎప్పటికప్పుడు కొత్తగా మొదలవుతుంది. కౌలు రైతు కూడా తన పంట నష్టానికి దావా వేయవచ్చును. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టము క్రింద పొందిన కార్డు సాగు రుజువుకు పనికివస్తుంది.

దావాకు ముందే లోక్ అదాలత్‌కు పోవుట ఇటువంటి తగవులకు అన్నిటికన్నా తగిన దారి. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము ప్రకారము అక్కడ కోర్టు ఫీజు లేదు. కుదిరిన రాజీకి సివిల్ డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. గోడ విలువ కంటే వకీలు ఫీజు ఎక్కువయ్యే తగవులకు కోర్టు పెద్ద ఉపకారము చేయదు.

బీమా, ప్రభుత్వ సహాయము

2021 ఏప్రిల్ 1 నుండి అన్ని సాధారణ బీమా సంస్థలు ఇవ్వవలసిన భారత్ గృహ రక్షా పాలసీలో, చెట్టు పడి ఇంటికి కలిగిన నష్టము స్పష్టంగా చేర్చబడినది. చెట్టు ఎవరిదన్న ప్రశ్నతో సంబంధము లేకుండా ఇల్లు గల వ్యక్తి పరిహారము కోరవచ్చును. గ్రామాలలో గృహ బీమా తీసుకొనేవారు అరుదు. వాహనానికి సమగ్ర పాలసీ ఉంటే చెట్టు పడిన నష్టము వస్తుంది, థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే రాదు. గాలివానలో ఇల్లు కూలినపుడు గ్రామ రెవెన్యూ అధికారికి, తహసీల్దారుకు తెలియజేసి పంచనామా చేయించుకొనవలెను. ప్రభుత్వ సహాయము ఆయా సమయాల ఉత్తర్వులను బట్టి ఉంటుంది. సహాయము రాకపోయినా ఆ పంచనామా తరువాత సాక్ష్యంగా నిలుస్తుంది.

ఇతర దేశములలో

ప్రాచీన రోమనుల పన్నెండు పలకల శాసనంలోనే పక్క పొలము మీదికి వంగిన చెట్టు కొమ్మలను పదిహేను అడుగుల ఎత్తు వరకు కొట్టించవచ్చునని ఉన్నది. ఫ్రాన్సులో చెట్టు హద్దుకు ఎంత దూరంలో ఉండవలెనో చట్టమే నిర్ణయించినది. రెండు మీటర్లకు మించి పెరిగే చెట్టు రెండు మీటర్ల దూరంలో ఉండవలెను. అక్కడ పొరుగువారు వేర్లను సొంతంగా కొట్టవచ్చును గాని కొమ్మలను యజమాని చేతనే కొట్టించవలెను. జర్మనీలో తగిన గడువిచ్చి కొమ్మలు కొట్టవచ్చును. పక్కవారి నేల మీద రాలిన పండు ఆ నేలవారిదే. భారతదేశంలో ఇటువంటి దూరపు నియమము లేకపోవటము పెద్ద లోటు. అది ఉంటే సగం తగవులు మొక్క నాటినపుడే ఆగిపోయేవి.

తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన అమెరికాలో నియమము రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 1931 నాటి తీర్పు ప్రకారము ఆరోగ్యంగా ఉన్న చెట్టు వలన ఇబ్బంది కలిగితే పక్కవారు తమ వైపు కొట్టుకొనవలసినదే తప్ప దావా వేయరాదు. 1981లో హవాయి అప్పీలు కోర్టు వేరే బాట పట్టినది. ఆ కేసులోని చెట్టు మన మర్రి. ఎనభై, తొంభై అడుగుల ఎత్తు పెరిగి పక్కింటి గ్యారేజి కప్పును, వాహనాన్ని పాడుచేసినది. నిజమైన హాని కలిగినపుడు, లేదా కలుగనున్నపుడు, యజమాని తన ఖర్చుతో కొట్టించి నష్టము భరించవలెనని కోర్టు చెప్పినది. కాలిఫోర్నియాలో 1994 నాటి తీర్పు మరొక జాగ్రత్త నేర్పినది. తన వైపు వేర్లను కొట్టే హక్కున్నా, చెట్టు చచ్చిపోయేటంత అవివేకంగా కొట్టినవారు పరిహారము చెల్లించవలసి రావచ్చును. కొత్తగా ఇల్లు కొన్న ప్రవాసులు రంపము చేతబట్టకముందు తమ రాష్ట్రపు నియమముతో పాటు నగరపు చెట్ల అనుమతి నిబంధనలను కూడా చూసుకొనవలెను.